నగర బస్సుల నష్టం ఎక్కడ పుడుతోంది?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడితే అందరూ చెవులు రిక్కించి వింటారు. బస్సుల మీద ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ చూడండి, బ్యాంకుకు వెళ్లాలన్నా, ఆస్పత్రికి వెళ్లాలన్నా, ఏడాదికొకసారి మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి రావాలన్నా మనం బయల్దేరేది పొద్దున పదకొండుకో, మధ్యాహ్నం రెండుకో. ఆఫీసుల రద్దీ తగ్గాక నిదానంగా వెళదామనుకుంటాం. సరిగ్గా ఆ వేళకే బస్సు ఉండదు. స్టాపులో ముప్పావు గంట నిలబడి, కాళ్లు లాగి, చివరకు ఆటో అతను అడిగినంత ఇచ్చి వెళతాం. ఆ బస్సు ఎందుకు లేదన్నదే నేను చెప్పదలచిన విషయం. ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం బస్సుల టైంటేబుళ్లు వేసే పనిలో గడిపాను కాబట్టి కార్యదర్శిగారు ఈ పని నాకు అప్పగించారు.

అడిగితే వచ్చే జవాబు ఒకటే: "మధ్యాహ్నం ట్రిప్పులకు నష్టం వస్తోందండీ, అందుకే తగ్గించాం." ఈ జవాబు వినడానికి సబబుగానే ఉంటుంది. నష్టం వచ్చే వ్యాపారం ఎవరు చేస్తారు? అయితే ఆ నష్టాన్ని ఎలా లెక్కగట్టారో, అది నిజంగా ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ జవాబు నిలవదు.

ముందుగా లెక్కల భాష కొంచెం తెలుసుకోవాలి. డిపోలో ప్రతి రూటుకూ రెండు అంకెలు చూస్తారు. బస్సు ఒక కిలోమీటరు తిరిగితే ఎంత రాబడి వచ్చింది, దాన్ని ఇ.పి.కె. అంటారు. ఒక కిలోమీటరుకు ఖర్చెంత, అది సి.పి.కె. మూడోది ఓ.ఆర్., అంటే ఉన్న సీట్లలో సగటున ఎన్ని నిండాయన్న శాతం. రాబడి ఖర్చుకన్నా తక్కువైతే ఆ ట్రిప్పు నష్టాల జాబితాలోకి వెళ్తుంది. మధ్యాహ్నం ట్రిప్పులన్నీ మొదట ఆ జాబితాలోకే వెళ్తాయి.

మాటవరసకు ఒక లెక్క వేద్దాం. ఇరవై కిలోమీటర్ల రూటు. కిలోమీటరుకు సగటు ఖర్చు 70 రూపాయలనుకోండి. అంటే ఒక ట్రిప్పుకు 1,400. పన్నెండు గంటల బస్సులో నలభై మంది ఎక్కారు, తలా 20 రూపాయలు ఇచ్చారు. రాబడి 800. కాగితం మీద 600 రూపాయల నష్టం. ట్రిప్పు కొట్టేశారు. ఇప్పుడు నిజంగా మిగిలిందెంత? బస్సు ఎప్పుడో కొన్నారు, దాని వాయిదాలు ఆగవు. డ్రైవరు, కండక్టరు ఆ పూట డ్యూటీలోనే ఉన్నారు, వాళ్ల జీతం తగ్గదు. డిపో వాచ్‌మన్ దగ్గర నుంచి పెద్ద ఆఫీసు వరకు ఎవరి ఖర్చూ తగ్గదు. మిగిలింది డీజిలు, కాస్త టైరు అరుగుదల, ఆయిలు. సిటీ బస్సు లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఇస్తుంది. నాలుగే అనుకుందాం, లీటరు వంద రూపాయలే అనుకుందాం, 500 అయింది. మిగతావాటికి మరో వంద వేసుకోండి. మొత్తం 600 మిగిలింది. పోయిన రాబడి 800. నష్టం 600 తగ్గిందని రాసుకున్న చోట అసలు నష్టం 200 పెరిగింది.

ఈ లెక్కకు ఒక అభ్యంతరం ఉంది. ట్రిప్పులు ఒకటీ అరా కాక మొత్తం మధ్యాహ్నం సర్వీసే ఎత్తేసి, సిబ్బందిని పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు విడివిడిగా వాడుకుంటే జీతాల్లో కూడా మిగులుతుంది కదా అని. మిగులుతుంది, నిజమే. కానీ తెల్లవారుజామున వచ్చి, మధ్యలో నాలుగైదు గంటలు డిపో రెస్టు రూములో పడుకుని, రాత్రి ఇంటికి చేరే డ్యూటీని ఏ డ్రైవరైనా ఎన్నాళ్లు చేస్తాడు? పైగా అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం ప్రయాణికుడు వేరే, ఉదయం ప్రయాణికుడు వేరే అన్న భ్రమ మీద ఈ ఏర్పాటంతా నడుస్తుంది. ఉదయం వెళ్లిన మనిషే కదా మధ్యాహ్నం తిరిగి వచ్చేది! ఒంటిపూట పనిచేసే ఆయాలు, స్కూలు టీచర్లు, షాపుల్లో మొదటి షిఫ్టు చేసేవాళ్లు, కాలేజీ పిల్లలు. తిరుగు బస్సు లేదని రెండుసార్లు అనుభవమైతే మూడోసారి వాళ్లు ఉదయం బస్సు కూడా ఎక్కరు. షేర్ ఆటో చూసుకుంటారు. ఇంకో ఏడాదికి అప్పో సప్పో చేసి బండి కొనుక్కుంటారు. ఒక రూటులో మధ్యాహ్నం ట్రిప్పులు సగానికి తగ్గించాక, ఏడాది తిరిగేసరికి ఉదయం ఎనిమిదిన్నర బస్సుకు కూడా జనం పలచబడడం నేను స్వయంగా చూశాను. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

ఇక ఖర్చు సంగతి. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు మూడు గంటలు నగరానికి వంద బస్సులు కావాలనుకోండి, మిగతా వేళల్లో యాభై చాలు. కొనవలసింది వంద. మిగతా యాభైకి పెట్టిన పెట్టుబడి, వాటికి కావలసిన షెడ్డు, మెకానిక్కులు అన్నీ ఆ నాలుగైదు గంటల కోసమే. ఆ గంటల్లో కూడా బస్సు ఒకవైపే నిండుతుంది. పొద్దున ఊళ్లోకి వచ్చేటప్పుడు ఫుట్‌బోర్డు మీద వేలాడతారు, తిరిగి వెళ్లేటప్పుడు కండక్టరు, డ్రైవరు కబుర్లు చెప్పుకుంటూ పోతారు. అంటే నగర రవాణాలో ఖర్చంతా పుట్టేది రద్దీ వేళలో, నింద మోసేది మాత్రం మధ్యాహ్నం బస్సు.

సగటు అనేది మహా మోసకారి. సగటు లోతు చూసుకుని ఏరు దాటబోయిన కరణంగారి కథ మీకందరికీ తెలిసిందే. రెండు బస్సులు ఉన్నాయి. ఒకదానిలో ఎనభై మంది, రెండోదానిలో ఇరవై మంది. బస్సుకు సగటున యాభై, పుస్తకంలో చాలా చక్కగా ఉంది, అందరికీ సీటు దొరికినట్టే. కానీ నూరుమంది ప్రయాణికుల్లో ఎనభైమంది ఒత్తిడిలో నలిగారు. వాళ్లని అడిగితే బస్సులు కిక్కిరిసి ఉన్నాయంటారు. ఆఫీసులో అడిగితే సీట్లు ఖాళీగా ఉన్నాయంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆ రెండు బస్సులు అలా ఎందుకయ్యాయో కూడా చెబుతాను, ఎందుకంటే మీరందరూ నన్ను వీధిలో ఆపి అడిగే ప్రశ్న ఇదే: "గంటసేపు ఒక్కటీ రాదు, వస్తే రెండు మూడు కలిసి వస్తాయి, ఏమిటండీ ఇది? డ్రైవర్లు కూడబలుక్కుని టీ తాగుతున్నారా?" పాపం డ్రైవర్ల తప్పేమీ లేదు. ముందు బస్సు ఏదో సిగ్నలు దగ్గర నాలుగు నిమిషాలు ఆగిందనుకోండి. ఆ నాలుగు నిమిషాల్లో తర్వాతి స్టాపులో ఇంకో పదిమంది పోగవుతారు. వాళ్లు ఎక్కడానికి, టిక్కెట్లు కొట్టడానికి ఇంకాస్త సమయం. ఇంకా ఆలస్యం. తర్వాతి స్టాపులో ఇంకా జనం. వెనక బస్సుకేమో ఎక్కేవాళ్లే మిగలరు, కాబట్టి గబగబా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఈ జబ్బు దానంతట అది పెరిగేదే తప్ప తగ్గదు.

దీనివల్ల మనకు జరిగే నష్టం ఎంతో లెక్కవేయవచ్చు. ఇరవై నిమిషాలకొక బస్సు సరిగ్గా వస్తే సగటున పది నిమిషాలు నిరీక్షిస్తాం. అవే బస్సులు ఒకసారి ముప్ఫయి అయిదు నిమిషాలకు, ఒకసారి అయిదు నిమిషాలకు వస్తే? బస్సుల సంఖ్య మారలేదు, డీజిలు మారలేదు, జీతాలు మారలేదు. కానీ ప్రతి ఎనిమిదిమందిలో ఏడుగురు ఆ పెద్ద విరామంలోనే స్టాపుకు చేరతారు. సగటు నిరీక్షణ పదిహేను నిమిషాలు దాటుతుంది. ఈ అదనపు అయిదున్నర నిమిషాలు ఏ ఖాతాలో రాశారు? ఎక్కడా రాయలేదు. ప్రయాణికుడి సమయానికి ఏ డిపో లెడ్జరులోనూ పద్దు లేదు. రద్దయిన బస్సు కోసం నిలబడ్డ మనిషి, ఎక్కలేక వెనక్కి వెళ్లిన ముసలమ్మ, ఏ కండక్టరు వేబిల్లులోనూ కనిపించరు. నగర రవాణాను లాభనష్టాల కాగితంతో తూచడంలో నాకున్న మొదటి ఫిర్యాదు ఇదే.

హెర్బర్ట్ మోరింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1972లో దీన్నే సూత్రంగా పెట్టాడు. మామూలు సరుకుకు కొనేవాళ్లు పెరిగితే ధర పెరుగుతుంది. బస్సుకు అలా కాదు. ఎక్కేవాళ్లు పెరిగితే బస్సులు పెంచాలి, బస్సులు పెరిగితే వాటి మధ్య విరామం తగ్గుతుంది, విరామం తగ్గితే అంతకుముందు నుంచి ఎక్కుతున్న వాళ్లకు కూడా నిరీక్షణ తగ్గుతుంది. కొత్తగా ఎక్కిన ప్రతి మనిషీ పాతవాళ్లకు మేలు చేస్తున్నాడన్నమాట. అందుకే ప్రజాధనంతో కొంత సాయం చేసి బస్సు ఛార్జీని ఖర్చుకన్నా తక్కువలో ఉంచడం దానధర్మం కాదు, ఆర్థికశాస్త్రం ఒప్పుకునే పని అని ఆయన వాదం. దీన్ని తిరగేసి చూడండి. బస్సు తగ్గించిన కొద్దీ నిరీక్షణ పెరుగుతుంది, ఎక్కేవాళ్లు తగ్గుతారు, మళ్లీ నష్టం, మళ్లీ కోత. ఆ మెట్లు దిగడం మొదలుపెడితే ఆఖరి మెట్టు దాకా ఆగరు.

అసలు నష్టం ఎక్కడ పుడుతోందన్న ప్రశ్నకు వస్తున్నాను. డిపోలో కాదు, రోడ్డు మీద. ఇదొక్కటి మాత్రం మీరు ఇంటికి వెళ్లాక పిల్లలకు కూడా చెప్పండి. వెళ్లి రావడానికి రెండు గంటలు పట్టే రూటులో పది నిమిషాలకొక బస్సు నడపాలంటే పన్నెండు బస్సులు కావాలి. అదే రూటు ట్రాఫిక్ పెరిగి మూడు గంటలైందనుకోండి. అదే పది నిమిషాల సర్వీసుకు పద్దెనిమిది కావాలి. ఆరు బస్సులు, వాటికి రెండు షిఫ్టుల సిబ్బంది, ఒక్క ప్రయాణికుడికి కూడా కొత్తగా ఏమీ ఇవ్వకుండానే ఖర్చు ఒకటిన్నర రెట్లయింది. డబ్బు లేక పన్నెండుతోనే నెట్టుకొస్తే పది నిమిషాలు కాస్తా పదిహేనవుతాయి. సికింద్రాబాదు, మెహిదీపట్నం మధ్య 5కె బస్సులో చాలా ఏళ్లుగా తిరిగినవాళ్లు మీలో ఉండే ఉంటారు. ఒకప్పుడు ఆ ప్రయాణానికి ఎంతసేపు పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో వాళ్లనే అడగండి. ఆ తేడా అంతా కార్పొరేషను ఖాతాలో నష్టంగా పడుతుంది.

ఆ ఆలస్యానికి కారణమెవరు? బస్సు కాదు. అరవైమంది ఉన్న బస్సు రోడ్డు మీద ఆక్రమించే చోటు రెండు మూడు కార్లది. ఒక్కొక్క మనిషి ఉన్న అరవై కార్లు బస్సు ముందు నిలబడి ఉంటాయి. కారులో వెళ్లేవాడు తన పెట్రోలుకు, తన సమయానికి ఖర్చు పెట్టుకుంటున్నాడు, నిజమే. కానీ తన వెనకున్న అరవైమంది సమయానికి అతను పైసా ఇవ్వడం లేదు. కారున్న మన పిల్లల మీద కోపంతో చెప్పడం లేదండీ, మా ఇంట్లోనూ ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం విక్రీ అనే ఆచార్యుడు జీవితమంతా ఈ మాటే చెప్పాడు. రద్దీ వేళ రోడ్డు వాడుకున్నవాడి దగ్గర ఆ రద్దీకి తగ్గ రుసుము తీసుకోవాలన్నాడు. న్యూయార్కు భూగర్భ రైళ్ల ఛార్జీలు కూడా వేళను బట్టి మారాలని 1950లలోనే సిఫారసు చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1996 అక్టోబరులో ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు, మూడు రోజులకే ఆయన పోయాడు.

ఆయన మాట విన్న ఊళ్లు లేకపోలేదు. సింగపూరులో 1975లోనే నగరం నడిబొడ్డుకు ఉదయం పూట వచ్చే కార్లకు రోజుకు మూడు డాలర్ల కాగితం లైసెన్సు పెట్టారు. కారులో నలుగురుంటే ఉచితం. లండన్‌లో 2003 ఫిబ్రవరి 17న రోజుకు అయిదు పౌండ్ల రుసుము మొదలైంది. నాకు నచ్చిందేమంటే, రుసుము పెట్టినప్పుడే దాదాపు 300 బస్సులు అదనంగా దింపారు. వచ్చిన డబ్బు రవాణాకే వాడాలని చట్టం చేశారు. కారు మానమని చెప్పే ముందు ఎక్కడానికి బస్సు చూపించారు. మన దగ్గర ముందు ఫ్లైఓవరు కడతాం. నాలుగేళ్లకు దాని మీద కూడా ట్రాఫిక్ ఆగుతుంది.

బస్సుకు ప్రత్యేకంగా దారి వదిలితే చాలుననే ఆలోచన కూడా వచ్చింది. బ్రెజిల్‌లోని కురిటిబాలో 1974లో మొదలైన పద్ధతి అది. మన విజయవాడలో, విశాఖలో కూడా కేంద్ర పథకం కింద బి.ఆర్.టి.ఎస్. రోడ్లు పడ్డాయి. రోడ్డు పేరు నిలిచింది కానీ, అనుకున్న బస్సు పద్ధతి నిలవలేదు. ఢిల్లీలో 2008లో వేసిన బస్సు దారిని 2016లో తవ్వి తీసేశారు. ఎక్కువమంది ఎక్కే వాహనానికి ఎక్కువ చోటు అన్న లెక్క సామాన్యమైనదే, కానీ స్టీరింగు పట్టుకున్నవాళ్ల గొంతు పెద్దది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానంలోనే వాహనాలు కాదు, మనుషులు కదలడం ముఖ్యమని రాసుకున్నాం. రాసుకోవడంలో మనకు లోటేమీ లేదు.

ప్రైవేటుకు ఇస్తే బాగుపడుతుందని మన మిత్రులే కొందరు వాదిస్తూ ఉంటారు. బ్రిటన్ ఆ ప్రయోగం చేసింది. 1986 అక్టోబరులో లండన్ తప్ప మిగతా ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో ఏ కంపెనీ అయినా ఏ రూటులోనైనా బస్సు నడుపుకోవచ్చన్నారు. అందరూ జనం ఉన్న రూట్ల మీద, జనం ఉన్న వేళల్లోనే పడ్డారు. ఊళ్లలో బస్సు ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. లండన్‌లో కూడా బస్సులు ప్రైవేటువే, కానీ ఏ రూటు, ఎన్ని గంటలకు, ఎంత ఛార్జీ అన్నది ప్రభుత్వ సంస్థ నిర్ణయించి టెండరు పిలుస్తుంది. అక్కడ మాత్రం జనం పెరిగారు. చివరకు మాంచెస్టరు నగరం 2023 సెప్టెంబరు నుంచి దశలవారీగా లండన్ దారికే వచ్చి, 2025 జనవరికి మొత్తం బస్సులను తిరిగి తన అదుపులోకి తెచ్చుకుంది. దీన్ని బట్టి నాకు తోచేదేమంటే, బస్సు ఎవరిదన్నది రెండో ప్రశ్న. టైంటేబులు ఎవరి చేతిలో ఉందన్నది మొదటి ప్రశ్న. ఇప్పుడు మన దగ్గర వస్తున్న ఎలక్ట్రిక్ బస్సులు చాలావరకు ఇలాంటివే. బస్సు కంపెనీది, కిలోమీటరుకు ఇంతని సంస్థ కంపెనీకి చెల్లిస్తుంది. ఆ ఒప్పందంలో సమయపాలనకు ఎంత బరువిచ్చారో చూడాలి. కిలోమీటర్లకే డబ్బయితే బస్సు తిరుగుతుంది, స్టాపులో ఆగిందా లేదా అన్నది తర్వాతి మాట.

డబ్బెక్కడి నుంచి తేవాలి? బొంబాయిలో బెస్ట్ సంస్థ కరెంటు కూడా అమ్మేది, బస్సులు కూడా నడిపేది. కరెంటు మీద మిగిలింది చాలా ఏళ్లు బస్సుల లోటు పూడ్చింది. 2019 జూలైలో వాళ్లు కనీస ఛార్జీని ఎనిమిది రూపాయల నుంచి అయిదుకు దించారు, 2025 మేలో పదికి పెంచవలసి వచ్చింది. హైదరాబాదు మెట్రోకు టిక్కెట్లతో పాటు స్టేషన్ల దగ్గర మాల్స్, ఆఫీసుల అద్దెలు కూడా ఆదాయంగా లెక్కవేశారు. హాంగ్‌కాంగ్‌లో ఆ పద్ధతి బాగా ఫలించింది. ఇక్కడ ఆశించినంత రాలేదు. పైగా కరోనా వచ్చిపడింది. 2025 సెప్టెంబరులో ఆ ప్రాజెక్టు మొదటి దశను తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

ఆర్.టి.సి.ల విషయంలో మనకు సాయం సంగతి దేవుడెరుగు, ఒక్కోసారి గోరుచుట్టు మీద రోకటిపోటు. 2013 జనవరిలో కేంద్రం టోకుగా డీజిలు కొనేవాళ్లకు లీటరుకు పది రూపాయల దాకా పెంచింది. చిల్లర బంకుల్లో మాత్రం పాత ధరే, అర్ధరూపాయి ఎక్కువ. వేలాది బస్సులున్న సంస్థ కన్నా స్కూటరు అతనికి డీజిలు చవకయితే ఎలా ఉంటుంది? (స్కూటరుకు డీజిలేమిటని నవ్వకండి, మాటవరసకన్నాను, కారు అతననుకోండి.) 2022 మార్చిలో మళ్లీ టోకు ధర బంకు ధర కన్నా దాదాపు 25 రూపాయలు ఎక్కువైంది. ప్రభుత్వ బస్సులు సొంత పంపులు మూసుకుని వీధి బంకుల ముందు వరుస కట్టాయి. అక్కడ నిలబడ్డ గంటలు కూడా లెక్కలో నష్టమే.

ఉచిత ప్రయాణం మాట ఎత్తకపోతే మా అక్కచెల్లెళ్లు ఊరుకోరు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. దీన్ని వెక్కిరించేవాళ్లతో నేను ఏకీభవించను. ఛార్జీ కోసం నడిచి వెళ్లే పనిమనిషి, కూతురింటికి వెళ్లడానికి కొడుకును డబ్బులడగలేని తల్లి ఇవాళ బస్సెక్కుతున్నారంటే మోరింగ్ చెప్పిన మేలు జరుగుతున్నట్టే. కానీ ఆ మేలులో రెండో సగం బస్సులు పెరగడం. జనం పెరిగి బస్సులు అంతే ఉంటే ఓ.ఆర్. నూరు దాటుతుంది, కాగితం మీద అద్భుతంగా కనిపిస్తుంది. డెబ్బై ఏళ్లవాడు మాత్రం మెట్టు మీద కాలు పెట్టలేక వెనక్కి దిగుతాడు. పెద్దవాళ్ల సీటు అని రాసి ఉంటుంది, దాని దాకా చేరేదెలా? ఇన్నాళ్లూ ఖాళీ బస్సును చూసి నష్టమన్నాం, ఇప్పుడు కిక్కిరిసిన బస్సును చూసి విజయమంటున్నాం. రెండు సందర్భాల్లోనూ స్టాపులో నిలబడ్డవాడిని లెక్కపెట్టలేదు.

ఒక పాత సంగతి చెప్పాలి. 1932 జూన్‌లో నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సులు మొదలైనప్పుడు 27 బస్సులు, 166 మంది సిబ్బంది. వాటిని నడిపింది ఎవరనుకున్నారు? నిజాం స్టేట్ రైల్వే. రైలు, బస్సు ఒకే కప్పు కింద! ఆ తర్వాత 1951లో బస్సులు రైల్వే నుంచి విడిపోయాయి, 1958 జనవరి 11న ఎ.పి.ఎస్.ఆర్.టి.సి. అయింది, 1999లో ప్రపంచంలోనే పెద్ద బస్సు సంస్థగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఎర్రబస్సెక్కి వచ్చాడని పల్లెటూరివాళ్లను వెక్కిరించాం గానీ, ఆ ఎర్రబస్సు కోసం బయటి రాష్ట్రాలవాళ్లు వచ్చి మన పద్ధతులు చూసి వెళ్లేవారు. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చాయి, 2017 నవంబరులో మెట్రో వచ్చింది, 2020 ఫిబ్రవరికి సుమారు 69 కిలోమీటర్లయింది. మూడింటికీ మూడు యాజమాన్యాలు, మూడు టిక్కెట్లు, మూడు టైంటేబుళ్లు. వీటిని కలపడానికి 2008లోనే ఒక ఉమ్మడి సంస్థను కాగితం మీద పెట్టారు. మెట్రో దిగిన మనిషికి కింద బస్సు సిద్ధంగా ఉంటే ఇరవై వేల కోట్లకు పైగా పెట్టి కట్టిన దానికి సార్థకత. లేకపోతే స్టేషను కింద ఆటోల బేరమే. మెట్రో పెద్ద కాలువైతే బస్సులు పిల్లకాలువలు. పిల్లకాలువలు ఎండబెట్టి పెద్ద కాలువలో నీళ్లు చూపిస్తే పొలం తడవదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. గత నెల కార్యవర్గంలో మేము కొందరం కూర్చుని ఒక పని అనుకున్నాం. వట్టి వినతిపత్రం ఇస్తే "పరిశీలిస్తాం" అన్న జవాబు వస్తుందని ప్రభుత్వంలో ముప్ఫయ్యేళ్లు ఆ జవాబులే రాసిన మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకని అంకెలతో వెళదాం. మన సభ్యులు ఈ నగరంలో దాదాపు అన్ని పేటల్లోనూ ఉన్నారు. ఒక్కొక్కరు తమ ఇంటి దగ్గరి స్టాపులో ఒక వారం రోజులు, ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు వరకు వీలైనంతసేపు కూర్చుని, ఏ నెంబరు బస్సు ఎన్ని గంటలకు వచ్చింది, ఆగిందా ఆగలేదా, ఎక్కలేక మిగిలినవాళ్లెందరు, ఇవి మూడు రాస్తే చాలు. ఎండగా ఉంటే గొడుగు తీసుకెళ్లండి, బెంచీ లేని స్టాపయితే ఆ మాట కూడా రాయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బాల్కనీలోంచి కనిపిస్తే అక్కడి నుంచే రాయవచ్చు. మనం అడగబోయేది కూడా ఒకటే: ప్రతి ముఖ్యమైన రూటులో మధ్యాహ్నం పూట రెండు బస్సుల మధ్య ఇంతకు మించి విరామం ఉండదని సంస్థ ఒక అంకె ప్రకటించాలి, ఆ అంకె స్టాపులో రాసి పెట్టాలి, నెల తిరిగేసరికి ఎన్నిసార్లు నిలబెట్టుకున్నారో చెప్పాలి. ఓ.ఆర్. వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి.

గళ్లు గీసిన కాగితాలు కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. ఒక్కొక్కరికి ఏడు కాగితాలు, రోజుకొకటి. భోజనానికి వెళ్లే ముందు మీ పేటా, స్టాపు పేరూ అక్కడి రిజిస్టరులో రాసి తీసుకెళ్లండి. ఒకే స్టాపుకు ఇద్దరు పేరిస్తే ఒకరు ఎదురు వైపు కూర్చోవాలి. సెలవు.